నాన్నగారి వడ్డీ లెక్క: టీడీఎస్ కోయని వడ్డీకి కూడా పన్ను కట్టాలా?

కృష్ణాతీరం · 17 ఆగస్టు 2025, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి నుంచి టెన్షన్‌గా ఉంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

మా నాన్నగారికి 68 ఏళ్లు. హైస్కూల్ హెడ్మాస్టర్‌గా రిటైరై తెనాలిలో ఉంటున్నారు. పెన్షన్ నెలకు 48,000, ఏడాదికి 5,76,000. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీ వేశారు, 10 లక్షలు పెట్టి ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండ్లు కొన్నారు.

జూలైలో ఊళ్లో నెట్ సెంటర్‌కి వెళ్లి రిటర్న్ వేయించారు. అక్కడి అబ్బాయి నాన్న చేతిలో ఉన్న రెండు టీడీఎస్ (వడ్డీ ఇచ్చేటప్పుడే కోసుకునే పన్ను) సర్టిఫికెట్లు చూసి ఆ అంకెలే ఎక్కించాడు. 17,650 రీఫండ్ వస్తుందని చూపించింది. ఆ డబ్బుతో అమ్మకి కంటి ఆపరేషన్ అయ్యాక కళ్లద్దాలు మార్పిద్దాం అనుకున్నారు. రీఫండ్ ఇంకా రాలేదు.

నిన్న నేను ఊరెళ్లి ఎందుకైనా మంచిదని ఏఐఎస్ (ఆదాయపన్ను శాఖ సైట్‌లో మన ఏడాది ఆదాయాల వివరాలు చూపే పట్టిక) తెరిచి చూశాను. అందులో ఇవి ఉన్నాయి (2024-25 ఆర్థిక సంవత్సరం):

మొదటి బ్యాంకు ఎఫ్‌డీల వడ్డీ 96,000, టీడీఎస్ 9,600
ఆర్‌బీఐ బాండ్ల వడ్డీ 80,500, టీడీఎస్ 8,050
రెండో బ్యాంకు ఎఫ్‌డీల వడ్డీ 44,000, టీడీఎస్ లేదు
సేవింగ్స్ ఖాతాల వడ్డీ మొత్తం 9,400, టీడీఎస్ లేదు

చివరి రెండూ రిటర్న్‌లో లేవు. నాన్నని అడిగితే, "రెండో బ్యాంకులో కౌంటర్ దగ్గరే చెప్పార్రా, 50 వేల లోపు వడ్డీకి పన్ను ఉండదని" అన్నారు. 37 ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి, ఒక్క రూపాయి దాచాలనే ఆలోచన కూడా ఉండదు. ఇప్పుడు ఏం చేయాలి? నోటీసు వస్తుందా?

పద్దు పుస్తకం · 17 ఆగస్టు 2025, ఉదయం 10:25

కృష్ణాతీరం గారూ, ముందు నాన్నగారికి ధైర్యం చెప్పండి. రిటర్న్ గడువే సెప్టెంబర్ 15 దాకా ఉంది, రివైజ్డ్ రిటర్న్ వేయడానికైతే డిసెంబర్ 31 దాకా సమయం ఉంది. తప్పు మీరే పట్టుకున్నారు, మీరే దిద్దుకోవచ్చు.

ఆడిట్ ఆఫీసులో 30 ఏళ్లకు పైగా పనిచేశాను. ఏటా కనీసం పది మంది పెద్దవాళ్లు ఇదే మాటతో వచ్చేవారు. ఆ కౌంటర్‌లో చెప్పిన మాట సగమే నిజం. 50 వేలు అనేది బ్యాంకు టీడీఎస్ కోయడానికి పెట్టిన హద్దు (2024-25లో సీనియర్లకు 50,000, మిగతావాళ్లకు 40,000). ఆ హద్దు లోపల ఉంటే బ్యాంకు కోయదు, అంతే. వడ్డీ మాత్రం మీ ఆదాయమే. 96,000 ఎలా ఆదాయమో, 44,000 కూడా అలాగే. టీడీఎస్ అనేది పన్నులో ముందుగా తీసుకున్న అడ్వాన్సు మాత్రమే. అసలు పన్ను ఎంతో ఏడాది మొత్తం ఆదాయం కలిపాక గానీ తేలదు. సేవింగ్స్ ఖాతా వడ్డీ మీదైతే రెసిడెంట్లకు బ్యాంకు టీడీఎస్ కోయనే కోయదు. అందుకే అది అందరి కళ్లూ తప్పిపోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. కొత్త పన్ను విధానంలో వేశారనుకుంటున్నాను.

పెన్షన్ 5,76,000లో స్టాండర్డ్ డిడక్షన్ (జీతం, పెన్షన్‌లోంచి నేరుగా తగ్గించే మొత్తం) 75,000 పోతే 5,01,000. నెట్ సెంటర్ అబ్బాయి దీనికి 96,000, 80,500 కలిపాడు. 6,77,500 అయింది. ఏడు లక్షల లోపు కాబట్టి 87ఏ రిబేట్‌తో (ఆదాయం హద్దు లోపల ఉంటే ఇచ్చే పన్ను మాఫీ) పన్ను సున్నా. అందుకే కోసిన 17,650 మొత్తం రీఫండ్ చూపించింది.

మిగతా 53,400 కలపండి. 7,30,900. ఏడు లక్షలు దాటింది, రిబేట్ పోయింది. 3 నుంచి 7 లక్షల దాకా 5 శాతం చొప్పున 20,000. పైనున్న 30,900కి 10 శాతం చొప్పున 3,090. మొత్తం 23,090, సెస్సు 4 శాతం కలిపితే 24,014. టీడీఎస్ 17,650 తీసేస్తే 6,364, పదికి సర్దితే ఇంకా 6,360 కట్టాలి.

చూశారా, వదిలేసింది 53 వేల వడ్డీయే. రావాల్సిన 17 వేలు కట్టాల్సిన ఆరు వేలుగా మారిపోయింది.

కృష్ణాతీరం · 17 ఆగస్టు 2025, ఉదయం 11:02

చాలా థ్యాంక్స్ సార్. గుండె కొంచెం కుదుటపడింది. రెండు సందేహాలు.

ఒకటి, సీనియర్ సిటిజన్లకు వడ్డీ మీద 50,000 మినహాయింపు ఉంటుంది కదా, 80టీటీబీ? నాన్నకి బ్యాంకులో చెప్పిన 50 వేలు అదేనేమో అనుకున్నాను.

రెండు, ఏఐఎస్‌లో ఆ 96,000 రెండు చోట్ల కనిపించింది. టీడీఎస్ వరుసలో ఒకసారి, కింద ఎస్ఎఫ్‌టీ-016 అనే వరుసలో ఇంకోసారి. మొదట చూసి 1,92,000 అనుకుని భయపడిపోయాను.

పద్దు పుస్తకం · 17 ఆగస్టు 2025, మధ్యాహ్నం 12:15

రెండోది ముందు చెప్తాను. ఒకే వడ్డీని బ్యాంకు రెండు దారుల్లో డిపార్ట్‌మెంట్‌కి పంపుతుంది. టీడీఎస్ స్టేట్‌మెంట్ ఒకటి, ఏడాదికోసారి పంపే వడ్డీ వివరాలు రెండోది. పక్కనే టీఐఎస్ అని ఉంటుంది, అందులో రెండూ కలిపి ఒకే అంకెగా చూపిస్తారు. అయినా దాన్నే నమ్ముకోకుండా పాస్‌బుక్ దగ్గర పెట్టుకుని సరిచూడండి. బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్‌కీ, పాస్‌బుక్‌కీ, ఏఐఎస్‌కీ అంకె కలవాలి. కలవకపోతే ఏఐఎస్‌లోనే ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలుంది.

80టీటీబీ సంగతి. మినహాయింపు ఉంది, కానీ పాత విధానంలోనే. 60 దాటినవాళ్లకు సేవింగ్స్, ఎఫ్‌డీ, పోస్టాఫీసు డిపాజిట్ల వడ్డీ మీద 50,000 వరకు. 60 లోపువాళ్లకు 80టీటీఏ కింద సేవింగ్స్ వడ్డీ మీద మాత్రమే 10,000, ఎఫ్‌డీకి వర్తించదు. ఈ రెండూ కొత్త విధానంలో లేవు. ఇంకొకటి, ఆర్‌బీఐ బాండ్ల వడ్డీ 80టీటీబీలోకి రాదు. అది బాండ్, డిపాజిట్ కాదు.

పాత విధానంలో నాన్నగారి లెక్క: 5,76,000లో 50,000 పోతే 5,26,000. వడ్డీ 2,29,900 కలిపి 7,55,900. 80టీటీబీ తీసేస్తే 7,05,900. దీనికి పన్ను సెస్సుతో 53,227. కొత్త దాంట్లో 24,014. ఎల్ఐసీ, మెడికల్ ఇన్సూరెన్స్ లాంటివి కలిపి ఇంకో 1,40,450 దాటి మినహాయింపులు చూపగలిగితేనే పాతది లాభం. లేకపోతే కొత్తదే ఉంచండి.

తపాలా సంచి · 17 ఆగస్టు 2025, మధ్యాహ్నం 2:48

పద్దు పుస్తకం గారి లెక్కలో వేలు పెడుతున్నానని అనుకోకండి. కృష్ణాతీరం గారూ, ఆ సేవింగ్స్ 9,400లో పోస్టాఫీసు ఖాతా వడ్డీ ఏమైనా ఉందా?

నేను పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యాను. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా వడ్డీ మీద విడిగా ఒక మినహాయింపు ఉంది, సెక్షన్ 10(15) కింద. సింగిల్ ఖాతాకి 3,500, జాయింట్ అయితే 7,000. ఇది కొత్త విధానంలో కూడా వర్తిస్తుంది. కౌంటర్‌లో కూర్చున్నన్నాళ్లూ ఎంతమందికి చెప్పానో. చాలామంది రిటర్న్‌లో దీన్ని వదిలేస్తారు.

కృష్ణాతీరం · 17 ఆగస్టు 2025, మధ్యాహ్నం 3:20

అమ్మా, ఉంది! పాస్‌బుక్ ఇప్పుడే తెప్పించుకుని చూశాను. మార్చి 31 తేదీ మీద 2,400 వడ్డీ పడినట్టు చేత్తో రాసి స్టాంపు వేసి ఉంది. సింగిల్ ఖాతానే.

పద్దు పుస్తకం · 17 ఆగస్టు 2025, సాయంత్రం 4:05

తపాలా సంచి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేను అడగాల్సింది, అడగలేదు. ఆదాయం 7,28,500 అవుతుంది. పన్ను 22,850, సెస్సుతో 23,764. కట్టాల్సింది 6,114, పదికి సర్దితే 6,110. ఆ 2,400 మినహాయింపు ఆదాయం కింద చూపించండి.

వడ్డీ జరిమానాల భయం పెట్టుకోకండి. వ్యాపార ఆదాయం లేని సీనియర్లకు అడ్వాన్స్ టాక్స్ (ఏడాది మధ్యలోనే విడతలుగా కట్టే పన్ను) బాధ్యత లేదు, గడువు కూడా దాటలేదు. ఈ-పే టాక్స్‌లో సెల్ఫ్ అసెస్‌మెంట్, మైనర్ హెడ్ 300, అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) 2025-26 ఎంచుకోవాలి. అక్కడ 2024-25 నొక్కేవాళ్లు చాలామంది ఉంటారు, ఒకటికి రెండుసార్లు చూసుకోండి. తర్వాత రివైజ్డ్ రిటర్న్ వేసి, 30 రోజుల లోపు ఈ-వెరిఫై చేయాలి. పాతది వెరిఫై చేశాం కదా అని వదిలేస్తే కొత్తది చెల్లదు.

మానేరు · 17 ఆగస్టు 2025, రాత్రి 8:30

అందరికీ నమస్తే. మాది కరీంనగర్. నాకు ఇంట్లోనే పని, ఉద్యోగం లేదు. మా ఆయన ఏప్రిల్‌లో తన జీతం డబ్బు 8 లక్షలు నా పేరు మీద ఎఫ్‌డీ వేశారు. వడ్డీ ఏడాదికి 56 వేలు వస్తది. బ్యాంకుల 15జీ ఫామ్ (టీడీఎస్ కోయొద్దని రాసిచ్చేది) ఇచ్చి సంతకం పెట్టమన్నరు, పెట్టిన. నాకు వేరే ఆదాయం లేదు కాబట్టి పన్ను పడదు కదా? పైన చర్చ చదివినంక అనుమానం వచ్చింది.

పద్దు పుస్తకం · 17 ఆగస్టు 2025, రాత్రి 9:14

అమ్మా, అడిగి మంచి పని చేశారు. మీ పేరు మీద ఉన్నా ఆ వడ్డీ మీవారి ఆదాయంలోనే కలుస్తుంది. భర్త భార్యకి ఊరికే ఇచ్చిన డబ్బు మీద వచ్చే ఆదాయాన్ని చట్టం భర్త ఖాతాలోనే వేస్తుంది. 15జీ ఫామ్‌లో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: ఈ ఆదాయం 60 నుంచి 64 సెక్షన్ల కింద వేరెవరి ఆదాయంలోనూ కలిసేది కాదు అని మీరు ప్రకటిస్తున్నట్టు. చదవకుండా దాని కింద సంతకం పెట్టించారు. తప్పు మీది కాదు, కానీ సంతకం మీదే. బ్యాంకుకి వెళ్లి ఆ ఫామ్ వెనక్కి తీసుకుంటామని రాసివ్వండి. మీవారు ఆ 56 వేలు తన రిటర్న్‌లో చూపించాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. మీ పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన డబ్బు, పెళ్లికి వచ్చిన కట్నకానుకలు, మీరు కుట్టుపని చేసో ట్యూషన్ చెప్పో సంపాదించింది ఎఫ్‌డీ వేస్తే ఆ వడ్డీ పూర్తిగా మీదే. ఆ డబ్బు ఈ డబ్బు ఒకే ఎఫ్‌డీలో కలపకండి. మీవారు ఇచ్చిన 8 లక్షల మీద వచ్చిన వడ్డీని మళ్లీ విడిగా డిపాజిట్ చేస్తే, దాని మీద వచ్చే వడ్డీ కూడా మీదే.

మానేరు · 17 ఆగస్టు 2025, రాత్రి 9:31

మంచిది అన్నా. రేపే పోతం. మా అమ్మ ఇచ్చిన రెండు లక్షలు వేరే బ్యాంకుల ఉన్నయి, అది కలపలేదు. మంచిగయింది.

కొండాపూర్ కుర్రాడు · 18 ఆగస్టు 2025, ఉదయం 7:50

నాది బాండ్ల ప్రశ్న. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, 30 శాతం స్లాబ్. ఒక యాప్‌లో 11 శాతం కూపన్ (వడ్డీ) ఉన్న లిస్టెడ్ ఎన్‌సీడీలు, అంటే స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైన కంపెనీ బాండ్లు, 5 లక్షలకు కొన్నాను. నెలనెలా వడ్డీ 10 శాతం టీడీఎస్ పోయి ఖాతాలో పడుతోంది. పన్ను అయిపోయినట్టే అనుకున్నాను. ఈ థ్రెడ్ చదివాక అది కాదని తెలిసింది. ఇప్పుడేంటి?

పద్దు పుస్తకం · 18 ఆగస్టు 2025, ఉదయం 9:05

అవును బాబూ, కాదు. మీకు సెస్సుతో 31.2 శాతం పడుతుంది. వాళ్లు కోసింది 10 మాత్రమే. ఏడాదికి 55,000 వడ్డీ మీద 17,160 పన్ను, అందులో 5,500 వెళ్లింది, మిగతా 11,660 మీరు కట్టాలి. 11 శాతం అని చూసి కొన్నది చేతికి 7.57 శాతమే మిగులుతుంది. కంపెనీ డబ్బు ఎగ్గొట్టే ప్రమాదం మోస్తూ తెచ్చుకునేది ఇంతేనా అని ఒకసారి ఆలోచించండి. నేనైతే కొనను. అది నా అభిప్రాయం.

ఇంకో సంగతి. టీడీఎస్ పోగా కట్టాల్సింది 10,000 దాటితే మీ వయసువాళ్లకు అడ్వాన్స్ టాక్స్ తప్పదు. సెప్టెంబర్ 15కి 45 శాతం, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి మొత్తం. అంత గోల వద్దనుకుంటే ఈ వడ్డీ సంగతి మీ ఆఫీసులో పేరోల్ వాళ్లకి చెప్పండి, జీతంలోనే కోసేస్తారు.

మెచ్యూరిటీ దాకా ఆగకుండా అమ్మితే వచ్చే లాభం వేరే లెక్క. లిస్టెడ్ బాండ్ 12 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం. ఆలోపు అమ్మితే స్లాబ్ ప్రకారం. అన్‌లిస్టెడ్ బాండ్లయితే 2024 జూలై 23 నుంచి ఎన్నాళ్లు ఉంచినా స్లాబ్ రేటే.

అరండల్‌పేట · 18 ఆగస్టు 2025, ఉదయం 10:40

మా అమ్మ పేరు మీద 2013లో కొన్న ఎన్‌హెచ్‌ఏఐ (జాతీయ రహదారుల సంస్థ) టాక్స్ ఫ్రీ బాండ్లు ఉన్నాయి. వాటికి కూడా ఇదేనా? గోల్డ్ బాండ్లు కూడా ఉన్నాయి కొన్ని.

పద్దు పుస్తకం · 18 ఆగస్టు 2025, ఉదయం 11:20

టాక్స్ ఫ్రీ బాండ్ల వడ్డీకి ఏ స్లాబ్‌లో ఉన్నా పన్ను లేదు. 2016 తర్వాత అలాంటివి కొత్తగా రాలేదు కాబట్టి అమ్మగారి దగ్గర ఉన్నవి బంగారం. అయితే మధ్యలో మార్కెట్లో అమ్మితే లాభం మీద మాత్రం పన్ను పడుతుంది. వడ్డీకి పన్ను లేకపోయినా రిటర్న్‌లో మినహాయింపు ఆదాయం దగ్గర రాయాలి.

సావరిన్ గోల్డ్ బాండ్ల 2.5 శాతం వడ్డీకి పన్ను ఉంది, టీడీఎస్ లేదు. ఆరు నెలలకోసారి చిన్న మొత్తం పడుతుంది కాబట్టి మర్చిపోతారు. ఎనిమిదేళ్లకు ఆర్‌బీఐ వెనక్కి తీసుకున్నప్పుడు వచ్చే లాభానికి వ్యక్తులకు పన్ను లేదు.

డల్లాస్ నుంచి · 18 ఆగస్టు 2025, రాత్రి 9:55

ఇక్కడ ఉన్న మనవాళ్ల కోసం ఒక మాట, ఎందుకంటే నేను ఇందులో దెబ్బతిన్నాను. ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన ఇండియాలో దాచుకునే) డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, నిజమే. అమెరికాలో ఉంది. ఇక్కడ ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా చూపించాలి. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికాకి తెలిపే ఫామ్) కూడా వేయాలి. నేను నాలుగేళ్లు చూపించలేదు. తెలిశాక పాత రిటర్న్‌లు దిద్దడానికి ఒక వేసవి మొత్తం పోయింది.

ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకునేది) సేవింగ్స్ వడ్డీకైనా మొదటి రూపాయి నుంచే 31.2 శాతం కోస్తారు. ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్, ఫామ్ 10ఎఫ్ ఇస్తే రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15 శాతానికి తగ్గుతుంది. మేం 15జీ, 15హెచ్ (సీనియర్లు ఇచ్చే 15జీ లాంటి ఫామ్) ఇవ్వకూడదు. ఊళ్లో అమ్మానాన్నల చేత ఆ ఫామ్ ఇప్పించేసేవాళ్లు ఉన్నారు, దయచేసి అది చేయకండి.

గుంటూరు మిర్చి · 19 ఆగస్టు 2025, ఉదయం 8:15

నాది అయిదేళ్ల క్యుములేటివ్ ఎఫ్‌డీ. అయిదేళ్ల తర్వాత గానీ ఒక్క పైసా చేతికి రాదు. అయినా ఏటా టీడీఎస్ కోస్తున్నారు. రాని డబ్బుకి పన్నేంటి సార్?

పద్దు పుస్తకం · 19 ఆగస్టు 2025, ఉదయం 9:30

డబ్బు మీ చేతికి రాకపోయినా ప్రతి ఏడాదీ వడ్డీ మీ పేరు మీద జమవుతూ అసలులో కలుస్తోంది. బ్యాంకు ఏటా దాన్ని చూపి కోస్తుంది, మీరూ ఏటా చూపిస్తే కోసింది ఆ ఏడాదే సర్దుబాటవుతుంది. అయిదేళ్ల వడ్డీ ఒకేసారి చివర చూపిస్తే ఆ ఏడాది స్లాబ్ పెరిగిపోతుంది, పాత టీడీఎస్ క్రెడిట్ కోసం తిప్పలు పడాలి. ఏటా చూపించడమే మేలు.

కృష్ణాతీరం · 23 ఆగస్టు 2025, సాయంత్రం 6:10

ఇవాళ పని పూర్తయింది. నాన్న పక్కన కూర్చుని, రెండు బ్యాంకుల పాస్‌బుక్‌లు, పోస్టాఫీసు పాస్‌బుక్, బాండ్ల సర్టిఫికెట్ అన్నీ పరుచుకుని లెక్క మొత్తం ఆయనే తెల్లకాగితం మీద వేశారు. 6,110 వచ్చింది. చలానా కట్టి, రివైజ్డ్ రిటర్న్ వేసి, ఆధార్ ఓటీపీతో వెరిఫై చేశాం. అమ్మ కళ్లద్దాల డబ్బులు నేను పెడతానంటే ఒప్పుకోలేదు, పెన్షన్‌లోంచే తీస్తానన్నారు.

ఒక్కటి మిగిలింది సార్. వచ్చే ఏడాదికి కూడా ఇంత కట్టాలా?

పద్దు పుస్తకం · 23 ఆగస్టు 2025, రాత్రి 7:45

సంతోషం. మాస్టారికి నా నమస్కారాలు చెప్పండి.

వచ్చే రిటర్న్‌కి, అంటే 2025-26 ఆదాయానికి, కొత్త విధానంలో రిబేట్ హద్దు 12 లక్షలకు పెరిగింది. ఆదాయం ఇంతే ఉంటే పన్ను సున్నా. సీనియర్లకు బ్యాంకు టీడీఎస్ హద్దు కూడా లక్ష అయింది కాబట్టి మొదటి బ్యాంకు 96,000 మీద కోయదు. ఆర్‌బీఐ బాండ్లకి మాత్రం వడ్డీ పది వేలు దాటితే కోస్తారు. జూలై 1న పడిన 40,250లో 4,025 ఈపాటికే పోయి ఉంటుంది, అది రీఫండ్‌లో వస్తుంది. జనవరి 1 వడ్డీ పడకముందే బాండ్లు కొన్న చోట 15హెచ్ ఇవ్వండి.

పన్ను సున్నా అయినా రిటర్న్ వేయడం మానకండి. ఆదాయం 4 లక్షలు దాటింది కాబట్టి వేయాల్సిందే. ఈసారి రెండో బ్యాంకు నుంచి కూడా వడ్డీ సర్టిఫికెట్ ఏప్రిల్‌లోనే అడిగి తీసుకోమనండి.

కృష్ణాతీరం · 23 ఆగస్టు 2025, రాత్రి 8:02

చెప్పాను. గోడ మీద క్యాలెండర్‌లో డిసెంబర్ పేజీ తిప్పి 15వ తేదీ దగ్గర "బాండ్లు, 15హెచ్" అని రాసుకున్నారు.